సవరం తీసేసిన అత్తగారు

ఫోన్లో అత్తగారి వేషాలు చూసి నవ్వుకోని తెలుగిల్లు ఉందంటే నేను నమ్మను. సవరం పెట్టి చుట్టిన ముడి, రూపాయి బిళ్ళంత బొట్టు, ముక్కు చివరికి జారిన కళ్ళజోడు, బొడ్లో దోపిన తాళాల గుత్తి. ఈ నాలుగూ ఉంటే పాతికేళ్ళ పిల్ల కూడా క్షణంలో అత్తగారైపోతుంది. మీరూ చూసే ఉంటారు. చూడలేదనకండి. మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చినప్పుడు మీ చేతిలో ఉండేది భాగవతం కాదని నాకు తెలుసు. నా చేతిలోనూ ఉండదు.

అలాంటి అత్తగార్లలో ఒకావిడ మా మేనకోడలు. పేరు చెప్పను, చానల్ పేరు అసలే చెప్పను. చెబితే మీరు ఇప్పుడే వెళ్ళి ఆ పాత వీడియోలు తిరగేస్తారు, దాని గొడవంతా వాటితోనే. ఇంకో సంగతి కూడా చెప్పేస్తాను, మన మధ్య దాపరికమేముంది. ఆ అత్తగారి నడక నాది. కుర్చీలోంచి లేస్తూ మోకాలి మీద చెయ్యేసి "రామచంద్రా" అనడం నాది. ఎవరైనా మెచ్చుకుంటే "ఆఁ, ఏదోలే" అని మూతి తిప్పడం కూడా నాదేనట, అది మాత్రం నేను ఒప్పుకోను. మేనత్త పోలికలు ఎక్కడికి పోతాయని మురిసిపోయానే గానీ రాయల్టీ అడగలేదు.

సంక్రాంతికి తెనాలిలో మా అన్నయ్యగారింటికి వెళ్తే అది చల్లగా చెప్పింది: "అత్తయ్యా, అత్తగారిని ఆపేశాను." ఇంట్లో అప్పటికే పెద్ద పంచాయతీ అయిపోయిందని మా వదిన మొహం చూస్తేనే తెలిసింది. అరిసెలు ఒత్తుతూ ఒక్కో అరిసెకి ఒక్కో మాట వదులుతోంది. "ఆ ఏసీ ఎవరు కొన్నారు? అత్తగారు. కారు కిస్తీ ఎవరు కడుతున్నారు? అత్తగారు. ఇంటికొచ్చే లక్ష్మిని కాలదన్నుకుంటారా ఎవరైనా?" మసాలాలవాళ్ళూ, పచ్చళ్ళవాళ్ళూ ప్రకటనకి పిలిచేది అత్తగారినే, మా పిల్లని కాదు. సవరం లేకుండా వస్తానంటే సగం డబ్బు కూడా ఇవ్వరు. వదిన మాటలో అబద్ధమేమీ లేదు.

మరి ఎందుకు ఆపినట్టు? నేనూ అదే అడిగాను. ఆ వేషం మొదలుపెట్టినప్పుడు దానికి పెళ్ళి కాలేదు. అత్తగారంటే దూరం నుంచి చూసి నవ్వుకునే మనిషి. ఇప్పుడు దానికి పెళ్ళయింది, ఓ పిల్ల పుట్టింది, పురిటికి ముందు మంచం దిగొద్దన్న రెండు నెలలూ దానికి సేవ చేసింది అచ్చంగా అత్తగారే. "కోడలి మీద కేకలేసే సీను రాద్దామని కూర్చుంటే ఆవిడ మొహం అడ్డొస్తోంది అత్తయ్యా. నవ్వు రావడం లేదు. నవ్వు రాకుండా నవ్వించడం నాకు చేతకాదు" అంది. అంతకన్నా పెద్ద కారణం ఉండాలా? మనుషులు పెద్దవాళ్ళవుతారు. వాళ్ళతోపాటు వాళ్ళ వేషాలు పెద్దవి కావు, అక్కడే ఆగిపోతాయి.

మా చిన్నప్పుడు సూర్యకాంతం అంటే మాకు నిజంగానే భయం. 1962లో వచ్చిన గుండమ్మ కథ తర్వాత సూర్యకాంతం అన్న పేరు ఆడపిల్లలకి పెట్టడం మానేశారని ఇప్పటికీ చెప్పుకుంటారు. బయట ఆవిడ మంచితనం గురించీ, షూటింగులకి ఇంటినుంచి వండి తెచ్చి అందరికీ పెట్టడం గురించీ పరిశ్రమలోవాళ్ళు కథలు కథలుగా చెప్తారు. అయినా తెర మీద గయ్యాళితనం ఆవిణ్ణి వదల్లేదు, 1994లో పోయేదాకా ఆవిడ మనకి గయ్యాళి అత్తే. కాకపోతే ఒక తేడా ఉంది. ఆవిడకి వేషం ఇచ్చేది నిర్మాత, మాటలు రాసేది రచయిత, సాయంత్రం మేకప్ తీసేస్తే ఆవిడ ఇంటికి ఆవిడ వెళ్ళిపోవచ్చు. మా పిల్లకి ఆ వీలు లేదు. నిర్మాత అదే, రచయిత అదే, కెమెరా పట్టేది అదే, రాత్రి పదకొండింటికి "అత్తగారూ, మీ కోడలు అన్నం తిందా?" అని అడిగినవాళ్ళకి జవాబిచ్చేదీ అదే. ఆ జవాబు కూడా అత్తగారి భాషలోనే ఇవ్వాలి, మామూలుగా మాట్లాడితే "పొగరెక్కింది" అంటారు.

ఈ చిక్కు మా తెనాలి పిల్ల ఒక్కదానిదే అనుకోకండి. అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రంలో లూకస్ క్రూక్‌షాంక్ అని ఒక కుర్రాడు, ఫ్రెడ్ అనే ఆరేళ్ళ పిల్లాడి వేషం కట్టాడు. కంప్యూటర్లో గొంతు సన్నం చేసి, గుక్క తిప్పుకోకుండా అరిచేవాడు. వింటే మనకి తలనొప్పి, పిల్లలకి పండగ. యూట్యూబులో పదిలక్షలమంది సబ్‌స్క్రైబర్లు చేరిన మొట్టమొదటి చానల్ అదే, 2009 ఏప్రిల్లో. అప్పటికి వాడికి పదిహేనేళ్ళు. ఫ్రెడ్ పేరు మీద మూడు సినిమాలు కూడా వచ్చాయి. ఆరేళ్ళ పిల్లాడిగా ఎంతకాలం ఉండగలడు చెప్పండి? గడ్డాలూ మీసాలూ వస్తున్నాయాయె. చివరికి ఫ్రెడ్‌ని పక్కన పెట్టి తన సొంత పేరుతో, సొంత గొంతుతో వేరే చానల్ పెట్టుకున్నాడు. ఫ్రెడ్‌కి వచ్చిన జనంలో చాలామంది అక్కడికి రాలేదు. వాడు మాత్రం మానలేదు.

మళ్ళీ తెనాలి వద్దాం. ఇప్పుడు మా పిల్ల ఏం చేస్తుందట? డబ్బు గురించి చెబుతుందట. బీకాం చదివి, కొన్నాళ్ళు ఆడిటరు దగ్గర లెక్కలు రాసిన పిల్ల. చీటీలు, బంగారం మీద అప్పులు, బ్యాంకు డిపాజిట్లు, మొగుడి పేరు మీదున్న పాలసీలో నామినీ ఎవరు, ఇలాంటివి ఆడవాళ్ళకి అర్థమయ్యేట్టు చెప్పాలని దాని కోరిక. సవరం లేదు, బొట్టు మామూలు బొట్టు, గొంతు దాని గొంతు.

ఎక్కడ చెప్పాలన్నదే పేచీ. ఉన్న చానల్లోనా, కొత్తది పెట్టుకునా?

మా అల్లుడు, అంటే దాని మొగుడు, హైదరాబాదులో సాఫ్ట్‌వేరు. అతనిది లెక్క ప్రకారం మాట్లాడే మనస్తత్వం. "పేరు మార్చేస్తే పోలా అత్తయ్యగారూ? పద్నాలుగు రోజుల్లో రెండుసార్లు మార్చుకునే వీలుంది. జనం అలాగే ఉంటారు, ఆదాయం అలాగే ఉంటుంది. మహా అయితే పేరు పక్కనున్న టిక్కు పోతుంది." వినడానికి బాగానే ఉంది. మా అన్నయ్య రిటైరైన తెలుగు మాస్టారు, ఆయన ఊరుకుంటాడా, గురజాడని తెచ్చాడు. "కన్యాశుల్కం 1897లో వేశారు. అది చాలదనుకుని పన్నెండేళ్ళకి, 1909లో, మొత్తం తిరగరాసి మళ్ళీ వేశారు. పేరు మార్చలేదే! ఇవాళ మనం నెత్తిన పెట్టుకునేది ఆ రెండోదాన్నే. ఉన్నదాన్నే బాగుచేసుకోవాలి గానీ కొత్త కొట్టు తెరవడమేమిటి?"

అన్నయ్యతో వాదించడం నాకు చిన్నప్పటినుంచీ సరదా. "నిజమే అన్నయ్యా. కానీ తిరగరాశాక కూడా గిరీశం గిరీశమే కదా! అదే పేరు పెట్టి లోపల లెక్కల పుస్తకం కుట్టి అమ్మలేదు కదా!" అన్నాను. నవ్వాడు గానీ ఒప్పుకోలేదు. మాస్టార్లు ఒప్పుకోరు.

నా అభిప్రాయం ఏమిటంటే, వేషం కట్టినప్పుడు చూసేవాళ్ళతో మనకో ఒప్పందం కుదురుతుంది. నువ్వు అత్తగారిలా కేకలెయ్యి, నేను నవ్వుతాను అని. దాని చానల్లో చేరిన లక్షమంది సబ్‌స్క్రైబ్ నొక్కింది ఆ ఒప్పందానికే. వాళ్ళింట్లోకి నామినీ కాగితాలు పట్టుకుని అత్తగారి పేరు మీద దూరితే, వాళ్ళ మాట అటుంచండి, మనకే మర్యాద కాదు. పైగా లాభం కూడా లేదు. ఉన్న చానల్లో కొత్త వీడియో పెడితే అది ముందుగా ఎక్కువ కనపడేది పాతవాళ్ళకే. వాళ్ళు నవ్వుకోసం వచ్చినవాళ్ళు, డిపాజిట్ అన్న మాట చూసి వేలితో పైకి తోసేస్తారు. సొంత జనమే తోసేసిన వీడియోని యూట్యూబు కొత్తవాళ్ళ దగ్గరికి పనిగట్టుకుని ఎందుకు తీసుకెళ్తుంది? సంఖ్య చూస్తే లక్ష, చూసేది గుప్పెడు. ఆ లక్ష అప్పుడు బలం కాదు, బరువు.

అల్లుడు అంత తేలిగ్గా వదల్లేదు. "కొత్త చానల్ అంటే సున్నా నుంచి. 1,000 మంది సబ్‌స్క్రైబర్లు కావాలి, 12 నెలల్లో 4,000 గంటలు జనం చూసి ఉండాలి. అప్పుడే ప్రకటనల డబ్బు మొదలవుతుంది" అన్నాడు. కూర్చుని లెక్క వేశాం. ఎనిమిది నిమిషాల వీడియోని మొదటినుంచి చివరిదాకా ముప్ఫైవేలమంది చూస్తే 4,000 గంటలు. చివరిదాకా ఎవరు చూస్తారు? నేనే చూడను. పోనీ పాతదాన్ని అలా వదిలేసి దాని ఆదాయంతో బతుకుదామంటే, ఆర్నెల్లపాటు ఏమీ పెట్టని చానల్‌కి డబ్బులొచ్చే వీలు తీసేసే హక్కు యూట్యూబుకి ఉంది. మా వదిన ఈ ముక్క విన్నాక అరిసెలు ఒత్తడం ఆపేసింది.

ఇంకో ఉపాయం కూడా వచ్చింది, గుట్టుగా మొదలుపెట్టమని. ఎవరికీ చెప్పకుండా, వేరే పేరుతో. అది ఒకాయన చేశాడు, వీడియోల్లో కాదు, పుస్తకాల్లో. ఫ్రాన్సులో రొమాఁ గారీ అనే రచయితకి 1956లో గోంకూర్ బహుమతి వచ్చింది, ఒక రచయితకి ఒక్కసారే ఇచ్చే బహుమతి. తరవాత్తరవాత విమర్శకులు ఆయన పనైపోయిందన్నారు. ఆయన ఎమిల్ అజార్ అనే పేరు పెట్టుకుని మళ్ళీ మొదలెట్టాడు. 1975లో ఆ అజార్‌కి కూడా గోంకూర్ ఇచ్చారు. అజార్ ఎక్కడ అంటే చూపించడానికి తన చుట్టాలబ్బాయిని నిలబెట్టాడు. అసలు సంగతి లోకానికి తెలిసింది ఆయన పోయాకే. కాగితం మీద కాబట్టి అది చెల్లింది. మొహం పెట్టి మాట్లాడేచోట ఎంతసేపు దాస్తాం? మొదటి రోజే ఎవరో ఒకరు "నువ్వు అత్తగారివి కదూ" అని పట్టేస్తారు.

మా వదిన సినిమాల మనిషి, ఆవిడ మాట వేరే దారిలో వచ్చింది. "సునీల్ కామెడీ మానేసి హీరో అయ్యాడు. అందాల రాముడు ఆడింది, మర్యాద రామన్న ఇంకా బాగా ఆడింది. తర్వాత్తర్వాత చాలా పోయాయి. మళ్ళీ కామెడీకి వచ్చాడు, ఆ తర్వాత కలర్ ఫోటోలో విలనయ్యాడు, పుష్పలో మంగళం శ్రీను అయ్యాడు. అంటే ఏం తేలింది?" ఏం తేలిందో ఆవిడే చెప్పలేదు. నాకు తోచింది ఇది: తెలుగువాళ్ళు వేషం మార్చుకున్నవాణ్ణి క్షమించరనేది ఒట్టి మాట. లెజెండ్‌లో జగపతిబాబు విలనైనప్పుడు "అయ్యో, శుభలగ్నం హీరో" అని నిట్టూర్చినవాళ్ళే వారం తిరక్కుండా ఈలలేశారు. మనం క్షమించనిది ఒకటే, మారి కూడా మారనట్టు నటించడం.

చలం సంగతి చూడండి. మైదానం రాసిన మనిషి, 1950లో భక్తిలో పడి అరుణాచలం వెళ్ళిపోయాడు. ఆయన్ని తిట్టినవాళ్ళు సరే, ఆయన్ని నెత్తిన పెట్టుకున్నవాళ్ళు ఎక్కువ గింజుకున్నారు. మా చలం మాకు కావాలని. ఆయన పోయేదాకా, అంటే 1979 దాకా, అక్కడే ఉన్నాడు. పాఠకులకి కోపమొచ్చిందని వెనక్కి రాలేదు, పాత పుస్తకాలు రాయలేదని బుకాయించలేదు. నాకు ఆయన భక్తి అంతగా పట్టలేదు, అది వేరే విషయం. ఆ నిబ్బరం మాత్రం పట్టింది.

ఇష్టమైతేనే మళ్ళీ మొదలుపెట్టే భాగ్యం కూడా అందరికీ ఉండదు. 2020 జూన్ 29న టిక్‌టాక్‌తో సహా 59 చైనా యాప్‌లని ఆపేశారు గుర్తుందా? పొలంలో డాన్సులేసినవాళ్ళు, వంటింట్లో డైలాగులు చెప్పినవాళ్ళు, లక్షలమంది అభిమానులున్నవాళ్ళు, తెల్లారేసరికి ఎవరికీ ఎవరూ కారు. తర్వాత రీల్స్ వచ్చాయి, సెప్టెంబరులో షార్ట్స్ మొదటగా మన దేశంలోనే మొదలయ్యాయి. కొందరు అక్కడ మళ్ళీ నిలదొక్కుకున్నారు, చాలామంది ఫోను జేబులో పెట్టుకుని పనిలోకి వెళ్ళిపోయారు. వాళ్ళతో పోలిస్తే మా పిల్లది సుఖమైన కష్టం. ఆ మాట దానికీ చెప్పాను, కొంచెం ముక్కు ఎగబీల్చింది.

మా ఊళ్ళోకి పగటివేషగాళ్ళు వచ్చేవాళ్ళు. రోజుకో వేషం, ఒకరోజు బైరాగి, ఒకరోజు సోమయాజులు సోమిదేవమ్మ, ఒకరోజు అర్ధనారీశ్వరుడు. మేం పిల్లలం వెంటపడి తిరిగేవాళ్ళం. ఊరు విడిచే రోజు మాత్రం రంగు లేకుండా, మామూలు పంచెలు కట్టుకుని ఇంటింటికీ వచ్చి, ఇన్నాళ్ళూ మీకు వేషాలు చూపించింది మేమేనని చెప్పి సంభావన తీసుకుని వెళ్ళేవాళ్ళు. మా నాయనమ్మ వాళ్ళకి చేటతో బియ్యం పోసేది. మా పిల్లకి నేను చెప్పింది అదే. అత్తగారిని మాయం చెయ్యకు, చంపకు, చెరిపెయ్యకు. ఒక్క వీడియో చెయ్యి, సవరం లేకుండా వచ్చి, ఇన్నాళ్ళూ నవ్వించింది నేనేనని చెప్పు, ఇక నవ్వించనని చెప్పు, ఎక్కడికి వెళ్తున్నావో చెప్పు, దండం పెట్టు. వచ్చేవాళ్ళు వస్తారు. ఇంగ్లండులో టామ్ స్కాట్ అని ఎర్ర చొక్కా కుర్రాడు పదేళ్ళపాటు వారం తప్పకుండా వీడియో పెట్టి, ఇక వారం వారం రానని చెప్పి 2024 జనవరి 1న ఆ వరస ఆపేశాడు. ఎంత హాయిగా ఉందో చూడడానికి. చెప్పి వెళ్ళేవాడి వెనక ఎవరూ దుమ్మెత్తిపోయరు.

అది విన్నది. ఆ వీడియో తీసినప్పుడు నేనక్కడే ఉన్నాను. పడగ్గదిలో బీరువా ముందు స్టాండు, దానికి గుండ్రటి లైటు. గోడకి యూట్యూబువాళ్ళు పంపిన వెండి పలక, లక్షమందికి ఇచ్చేది. దాని మీద చెక్కిన పేరు అత్తగారిదే, మా పిల్లది ఎక్కడా లేదు. ఫ్రేములో పడకుండా ముందు దాన్ని తీసి మంచం మీద పెట్టింది. తర్వాత ఏమనుకుందో, మళ్ళీ తగిలించింది. సవరం తీసి నా ఒళ్ళో పడేసింది. కొబ్బరినూనె వాసన, లోపల పిన్నీసులు. లైటు వేశాక గొంతు సవరించుకుని మొదలెట్టింది, మొదటి వాక్యమే అత్తగారి గొంతులో వచ్చేసింది! ఆపింది. నవ్వాం. మళ్ళీ మొదలెట్టింది. సొంత గొంతు దొరకడానికి చాలాసేపు పట్టింది. అన్నేళ్ళూ ఆ గొంతుని వాడింది కూరలబ్బాయితోనూ, మొగుడితోనూ తప్ప కెమెరాతో కాదు కదా.

కొత్త చానల్లో మొదటి వీడియో చీటీల మీద. రిజిస్టరైన చీటీకీ, పక్కింటావిడ నడిపే చీటీకీ తేడా చెప్పింది. చీటీ నడిపేవాళ్ళు చట్టప్రకారం ఏడు శాతం మించి కమిషను తీసుకోకూడదని చెప్పింది. ఇన్నేళ్ళుగా చీటీలు కడుతున్న నాకు ఆ ముక్క తెలియదు. బ్యాంకు మునిగితే అసలూ వడ్డీ కలిపి ఐదు లక్షలదాకానే బీమా ఉంటుందని తర్వాతిదాంట్లో చెప్పింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక టేబులు మీద పెన్ను తిప్పుతూ కూర్చుంది, అది కొంచెం చిరాగ్గా ఉంది, చెప్పాను కూడా. కానీ "మీరు" అంటోంది చూసేవాళ్ళని. అత్తగారు అందర్నీ "ఒసేయ్" అనేది.

చూస్తున్నవాళ్ళు కొద్దిమందే. వాళ్ళలో చాలామంది అడిగే ప్రశ్న మాత్రం డబ్బు గురించే. పాతచోట వందలకొద్దీ నవ్వు బొమ్మలొచ్చేవి, ఇక్కడ ఓ ఆవిడ తన పాసుబుక్కులో ఏముందో నాలుగు పేరాలు రాసింది. ఆ నాలుగు పేరాలకీ జవాబు రాయడానికి మా పిల్ల ఒక సాయంత్రమంతా కూర్చుంది. మా వదిన ఇంకా పూర్తిగా మెత్తబడలేదు. కారు కిస్తీ ఈ నెలనుంచి అల్లుడు కడుతున్నాడు.

అన్నట్టు ఒక మనవి. మీకు తెలిసిన పిల్లో పిల్లాడో ఇలా పాత వేషం విప్పేసి కొత్తగా ఎదురొస్తే, నచ్చితే చూడండి, నచ్చకపోతే దాటేయండి, మొహమాటమేం లేదు. కింద "అత్త ఎక్కడ?" అని మాత్రం రాయకండి. అత్త ఇక్కడే ఉంది, మోకాళ్ళ నొప్పులతో. కావాలంటే నాకు ఉత్తరం రాయండి.